అప్పగించాను అంటూనే మళ్లీ చేతుల్లోకి తీసుకుంటున్న ఒక తల్లికి

అమ్మా, ప్రభువు పేరట వందనాలు.

మీ ప్రశ్న నిదానంగా చదివాను. తర్వాత చదివేవాళ్లకు కూడా సంగతి తెలియాలి గనుక దాన్ని నాలుగు మాటల్లో ఇక్కడ పెడుతున్నాను. మీ వారు పోయాక పిల్లల్ని మీరొక్కరే పెంచారు. అబ్బాయి కెనడా వెళ్లి, కొన్నాళ్లకు మందిరానికి వెళ్లడం మానేసి, ఇప్పుడు "నాకు నమ్మకం లేదమ్మా" అని మొహం మీదే చెప్పాడు. అప్పట్నుంచి మీరు ప్రతి ఆదివారం ఆరాధన వేళకి ఫోను చేస్తున్నారు. అతను ఎక్కడున్నాడో ఫోనులో చూస్తున్నారు. అక్కడే ఉన్న మీ చెల్లెలి కొడుకుని అడిగి ఆరా తీస్తున్నారు. శుక్రవారం ఉపవాసం, వాడు తిరిగి మందిరంలో అడుగుపెట్టేదాకా అన్నం ముట్టనని మొక్కుబడి, పైగా ఒక సేవకుడు "డిసెంబరులోగా నీ కొడుకు మారతాడు" అని చెప్పిన ప్రవచనం. "దేవుడికి అప్పగించేశాను అంటాను, రాత్రి రెండింటికి మెలకువ వస్తే మళ్లీ లాగేసుకుంటాను. నేనేమీ చేయకుండా కూర్చోవడమేనా అప్పగించుకోవడమంటే?" అని అడిగారు.

నేను ఒంగోలు ప్రాంతంలో బాప్టిస్టు సంఘాల్లో చాలాకాలం పాస్టరుగా పనిచేసి విశ్రాంతిలో ఉన్నవాణ్ని. ఇదే ప్రశ్న నా దగ్గరికి రకరకాల రూపాల్లో వచ్చింది. పెళ్లి కుదరని ఆడపిల్ల గురించి, అప్పుల్లో మునిగిన పొగాకు రైతు ఇంట్లో, ఆసుపత్రి వరండాలో. ప్రతిచోటా దీనిలో ఒక చిక్కుముడి కనిపించేది, మీ మాటల్లోనూ అదే ఉంది. మన పెత్తనం ప్రార్థన మానేసినప్పుడు బయటపడితే గుర్తుపట్టడం తేలిక. అది ప్రార్థనలోనే దాక్కుంటే గుర్తుపట్టడం చాలా కష్టం. మీరు అబ్బాయి మీద పట్టు వదల్లేకపోతున్నానని బాధపడుతున్నారు. నాకు కనిపిస్తున్నది ఇంకొకటి: ఉపవాసంతో, మొక్కుబడితో, గడువు పెట్టిన ప్రవచనంతో మీరు దేవుడి మీద కూడా పట్టు బిగిస్తున్నారు. కఠినంగా అంటున్నానని అనుకోకండి. ప్రేమ ఉన్నచోటే ఇలా జరుగుతుంది.

సౌలు రాజు గిల్గాలులో చేసింది గుర్తు చేసుకోండి. సమూయేలు ఏడు రోజులు ఆగమన్నాడు. ఎదురుగా మిక్మషులో ఫిలిష్తీయులు దిగి ఉన్నారు, వెనక సొంత సైన్యం ఒక్కొక్కరుగా జారిపోతోంది. ఏడో రోజూ వచ్చింది, ప్రవక్త రాలేదు. అప్పుడు సౌలు విగ్రహాల దగ్గరికి పోలేదు, సోదె చెప్పించుకోలేదు. యెహోవాకే దహనబలి అర్పించాడు. చూడటానికి ఎంత భక్తి! కానీ ఆ బలి వెనక ఉన్నది ఆరాధన కాదు, చేజారిపోతున్న పరిస్థితిని ఎలాగైనా పట్టుకోవాలన్న భయం. "నా అంతట నేను సాహసించి" అర్పించానని తనే ఒప్పుకున్నాడు. అతను బలి ముగించీ ముగించగానే సమూయేలు వచ్చేశాడు. ఆ అధ్యాయం చదివినప్పుడల్లా నాకు సౌలు మీద కోపం కంటే జాలే ఎక్కువ కలుగుతుంది. జనం చెదిరిపోతుంటే చేతులు ముడుచుకుని నిలబడటం ఎంత కష్టమో ఎవరికైనా తెలుసు.

మరి ఏమీ చేయకూడదా? దీనికి జవాబు చెప్పేముందు మరో తల్లి కథ చెప్తాను. మన ప్రొటెస్టంట్ సంఘాల్లో ఆమె పేరు అంతగా వినపడదు. కతోలిక సంఘాల్లో ఆగస్టు 27న ఆమె పండుగ చేస్తారు. పేరు మోనిక, తర్వాత గొప్ప క్రైస్తవ బోధకుడైన అగస్టీనుకి తల్లి. ఉత్తర ఆఫ్రికాలో తగాస్తే అనే ఊరు, ఇప్పటి అల్జీరియాలో ఉంది. 354లో అక్కడ పుట్టిన అగస్టీను పదిహేడేళ్లు వచ్చేసరికి తండ్రిని పోగొట్టుకున్నాడు. చదువులో దిట్ట. కార్తేజుకి చదువుకోవడానికి వెళ్లి, పెళ్లి లేకుండానే ఒకామెతో కాపురం పెట్టాడు, కొడుకు పుట్టాడు. పైగా సంఘం ఒప్పుకోని మానీ మతం అనే బోధలో చేరి తొమ్మిదేళ్లు అందులోనే ఉన్నాడు. మోనికకు గుండె పగిలింది. మొదట్లో కొడుకుని తన ఇంట్లో, తన బల్ల దగ్గర కూర్చోనివ్వలేదు. తర్వాత వచ్చిన ఒక కల ఆమెకు ధైర్యమిస్తే మళ్లీ ఇంట్లోకి రానిచ్చింది. ఇదంతా అగస్టీనే తర్వాత తన ఒప్పుకోలు గ్రంథంలో రాశాడు.

ఆమె ఒక బిషపు దగ్గరికి వెళ్లి, నా కొడుకుతో మాట్లాడండి, వాదించి వాడి తప్పు వాడికి చూపించండి అని బతిమాలింది. ఆ బిషపు కూడా చిన్నతనంలో ఆ మానీ బోధలోనే పెరిగినవాడు, వాళ్ల పుస్తకాలు చేత్తో నకలు రాసినవాడు. ఎవరూ వాదించకుండానే తనంతట తను చదివి బయటపడ్డాడు. అందుకని ఆయన ఒప్పుకోలేదు. వాణ్ని కొన్నాళ్లు వదిలెయ్యి, ప్రభువుకి మాత్రం ప్రార్థన చెయ్యి, చదవగా చదవగా వాడే తెలుసుకుంటాడు అన్నాడు. ఆమె వినలేదు, ఏడుస్తూనే ఉంది. చివరికి ఆయన కొంచెం విసుగ్గానే, వెళ్లమ్మా, ఇన్ని కన్నీళ్లు పెట్టించుకున్న కొడుకు నశించడం జరగదు అని పంపేశాడు. ఈ చివరి మాటని ప్రసంగాల్లో చాలామంది చెప్తారు. దానికి ముందు ఆయన చెప్పిన "వదిలెయ్యి" అన్న సలహాను మాత్రం దాటవేస్తారు.

383లో అగస్టీను రోము వెళ్లాలనుకున్నాడు. మోనిక ఓడరేవు దాకా వెంటపడి వచ్చింది, వెళ్లొద్దు, లేదా నన్నూ తీసుకెళ్లు అని పట్టుకుంది. అతను అబద్ధమాడాడు. స్నేహితుణ్ని సాగనంపి వస్తాను, గాలి అనుకూలించేదాకా ఆగాలి అని చెప్పి, ఆమెను సముద్రం ఒడ్డున సిప్రియను పేరిట ఉన్న చిన్న మందిరంలో ఆ రాత్రి ఉండమన్నాడు. ఆమె అక్కడ రాత్రంతా ప్రార్థించింది. ఏమని? వాడు ఓడ ఎక్కకూడదని. తెల్లారేసరికి ఓడ వెళ్లిపోయింది.

అమ్మా, ఇక్కడ కాసేపు ఆగండి. ఆ తెల్లవారుజామున ఆమె దృష్టిలో దేవుడు ఆమె ప్రార్థన వినలేదు. ఆమె అడిగిన ఒకే ఒక్క సంగతి కాదన్నాడు. కానీ రోము నుంచి అగస్టీను మిలాను వెళ్లాడు. అక్కడ ఆంబ్రోసు అనే బిషపు ప్రసంగాలు వినడం మొదలుపెట్టాడు, మొదట్లో కేవలం ఆ మాటల అందం కోసం. 386లో అతని మనసు మారింది, 387 ఈస్టరుకి ఆంబ్రోసు చేతుల మీదుగా బాప్తిస్మం పొందాడు. ఏ ఓడ కదలకూడదని తల్లి రాత్రంతా ఏడ్చిందో ఆ ఓడే అతణ్ని అక్కడికి చేర్చింది. అప్పుడు ఆమె అడిగింది ఇవ్వకుండా, ఆమె ఎప్పటినుంచో అడుగుతున్నది నువ్వు ఇచ్చావు అని అగస్టీను దేవుడితో అంటాడు.

దీన్ని చూపించి, మీ అబ్బాయి కెనడా ప్రయాణం కూడా ఇలాగే ముగుస్తుందని నేను మాట ఇవ్వను. ఎవరూ ఇవ్వకూడదు. మోనిక సంగతిలో అలా జరిగింది, అంతే. హెబ్రీ పత్రిక పదకొండో అధ్యాయంలో కత్తి నుంచి తప్పించుకున్నవాళ్లూ ఉన్నారు, అదే విశ్వాసంతో కత్తికి బలైనవాళ్లూ ఉన్నారు. నేను చూపించదలచింది వేరు. మోనికలో రెండు కోరికలున్నాయి, అవి పెనవేసుకుపోయాయి. ఒకటి, కొడుకు దేవుణ్ని ఎరగాలి. రెండోది, అది నా కళ్ల ముందు, నా ఊళ్లో, నేననుకున్న దారిలో జరగాలి. మొదటిది ప్రేమ. దాన్ని వదిలిపెట్టమని దేవుడు ఏ తల్లినీ అడగడు. ఆమె చేతుల్లోంచి ఆయన తీసుకున్నది రెండోదాన్ని. మీరు ఒక కాగితం తీసుకుని మీ ప్రార్థనల్ని ఈ రెండు వరసల్లో రాసి చూడండి. ఏ వరస పొడుగ్గా ఉందో చూస్తే, మీరు అప్పగించాల్సింది ఏమిటో మీకే తెలిసిపోతుంది.

ఇంకొక సంగతి కూడా అగస్టీను దాచుకోలేదు. మిలానులో మోనిక మళ్లీ కొడుకు దగ్గరికి చేరింది, అతనికి ఒక సంబంధం కుదిర్చింది. పిల్లకి ఇంకా వయసు రాలేదు, రెండేళ్లు ఆగాలి. ఆ సంబంధం కోసం, ఏళ్ల తరబడి అతనితో ఉన్నామెను ఆఫ్రికాకి తిప్పి పంపేశారు. ఆమె కొడుకుని ఇక్కడే వదిలి వెళ్లిపోయింది. అగస్టీను గుండె చీలి రక్తం కారిందని రాసుకున్నాడు. చివరికి ఆ పెళ్లి జరగనే లేదు. ప్రార్థించే తల్లి కూడా దైవచిత్తం అనుకుంటూ తన ఏర్పాట్లే నడిపించగలదు, ఆ ఏర్పాట్ల కింద మరో ఆడమనిషి బతుకు నలిగిపోగలదు. ఆమె పేరు కూడా ఆ గ్రంథంలో లేదు. మోనికను పునీతురాలని గౌరవించేటప్పుడు ఈ పేజీని కూడా చదవాలని నా అభిప్రాయం.

ఆ సంబంధం గురించే ఒక చిన్న సంగతి మీ ప్రవచనం విషయంలో ఉపయోగపడుతుంది. పెళ్లి సంగతి దేవుడు దర్శనంలో చూపిస్తాడేమో అడగమని అగస్టీను తల్లిని కోరాడు. ఆమె అడిగింది. ఏవేవో కనిపించాయి. కానీ అవి ఆత్రపడుతున్న తన మనసు అల్లుకున్నవేనని, దేవుడు చూపించేటప్పుడు ఉండే నిశ్చయం వీటిలో లేదని ఆమే కొడుకుతో చెప్పింది. ఆ నిజాయితీ నాకు చాలా పెద్దదిగా కనిపిస్తుంది. ఏదో కనిపించింది, కొడుకు వినడానికి సిద్ధంగా ఉన్నాడు, "దేవుడు చెప్పాడు" అనేస్తే పని అయిపోయేది. ఆమె అలా అనలేదు.

ఇక "డిసెంబరులోగా" అన్న మాట. యిర్మీయా 28, 29 అధ్యాయాలు కలిపి చదవండి. బబులోనుకి చెరపట్టుకుపోయిన జనం ఎప్పుడు తిరిగొస్తారా అని ఎదురుచూస్తుంటే హనన్యా అనే ప్రవక్త రెండేళ్లలో అన్నాడు. అందరికీ తియ్యగా ఉంది. యిర్మీయా డెబ్బై ఏళ్లన్నాడు. అందుకే చెరలో ఉన్నవాళ్లకి ఉత్తరం రాస్తూ ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటుకుని వాటి ఫలాలు తినండి, పెళ్లిళ్లు చేసుకోండి, ఆ పట్టణం క్షేమం కోసం ప్రార్థించండి అన్నాడు. మన క్యాలెండర్ల మీద, గోడల మీద వేసుకునే "సమాధానకరమైన ఉద్దేశములే గాని హానికరమైనవి కావు" అన్న వాగ్దానం ఆ ఉత్తరంలోదే, డెబ్బై ఏళ్ల మాట వెనకే వస్తుంది. గడువులు పెట్టే ప్రవచనం మనకి ఎందుకు తియ్యగా ఉంటుందంటే, దేవుడి పని మన చేతిలోని క్యాలెండరు మీదికి వచ్చేస్తుంది గనుక. జనవరి వచ్చి ఏమీ జరగకపోతే మీరు దేవుణ్ని గాని, అబ్బాయిని గాని, మీ విశ్వాసాన్ని గాని తప్పుపట్టుకోవద్దు. జరగని మాట గురించి ద్వితీయోపదేశకాండము 18వ అధ్యాయం చివర్లో ఏముందో చూడండి: "దానికి భయపడవద్దు". ఆ ప్రవచనం కోసం కానుక అడిగి ఉంటే మాత్రం, ఇంకో రూపాయి ఇవ్వకండి.

ఇప్పుడు, యేసు పట్టుబడే ముందు ప్రార్థించిన గెత్సేమనే తోట దగ్గరికి వస్తాను. అప్పగించుకోవడం గురించి మనకున్న అసలైన పాఠం అక్కడే ఉంది. చాలామంది "నీ చిత్తము" అన్న మాట దగ్గర మొదలుపెట్టబోతారు. యేసు అక్కడ మొదలుపెట్టలేదు. "సాధ్యమైతే ఈ గిన్నె నాయొద్దనుండి తొలగి పోనిమ్ము" అని మొదలుపెట్టాడు. తనకేం కావాలో దాచకుండా అడిగాడు. చెమట రక్తబిందువుల్లా కారిందని లూకా రాశాడు, మహా రోదనంతో కన్నీళ్లతో ప్రార్థించాడని హెబ్రీ పత్రికలో ఉంది. ఆ తర్వాతే "అయినను నా యిష్టప్రకారము కాదు". అడగకుండానే అప్పగించాననే మనిషి ఏమీ అప్పగించినట్టు కాదు, మనసులో ఉన్నది తండ్రికి చూపించలేదు, అంతే. కాబట్టి అబ్బాయి తిరిగి రావాలని అడగండి. గట్టిగా అడగండి, కోపమొస్తే కోపంగానే అడగండి. కీర్తనల్లో చాలావాటిలో అలాంటి అరుపులున్నాయి.

ఇంకో ముఖ్యమైన సంగతి. మత్తయి ఏమంటాడంటే, ఆయన మూడోసారి కూడా వెళ్లి ఆ మాటలే చెప్పి ప్రార్థించాడు. ఒకసారి అప్పగిస్తే అయిపోయే పనైతే మూడుసార్లు ఎందుకు? మీరు రాత్రి రెండింటికి మళ్లీ లాగేసుకుంటున్నానని, అందుకే నా అప్పగింత అబద్ధమని అనుకుంటున్నారు. అది అబద్ధం కాదమ్మా. మొదటి అప్పగింత సాయంత్రానికి సరిపోయింది, రెండింటికి మరొకటి కావాలి. ఎడారిలో మన్నాని మర్నాటి కోసం దాచుకుంటే పురుగు పట్టింది. ఏ రోజుది ఆ రోజే ఏరుకోవాలి. అప్పగింత కూడా అంతే. ఆ మెలకువ వచ్చినప్పుడు ఫోను తీసి అబ్బాయి ఎక్కడున్నాడో చూసే బదులు 31వ కీర్తన తీయండి. "నా కాలగతులు నీ వశములో నున్నవి" అన్న మాట అందులోదే. యేసు సిలువ మీద చివరగా పలికిన "నీ చేతికి నా ఆత్మను అప్పగించుకొనుచున్నాను" అన్నదీ ఆ కీర్తనలో నుంచే తీసుకున్నాడు. పాత సంఘాల్లో పడుకోబోయే ముందు చెప్పే ప్రార్థనల్లో ఈ వాక్యం శతాబ్దాలుగా ఉంది. నెలల తరబడి నిద్ర పట్టకపోతే మాత్రం డాక్టరుకి చూపించుకోండి. అది అవిశ్వాసం కాదు.

మీరడిగిన మొదటి ప్రశ్నకి ఇప్పుడు వస్తాను. ఏమీ చేయకుండా కూర్చోవడమా? దీనికి మా ఒంగోలు మిషను చరిత్రే నాకు గుర్తొస్తుంది. అమెరికను బాప్టిస్టుల తెలుగు మిషను 1836లో మొదలై దశాబ్దాలు గడిచినా చేతికందిన ఫలం చాలా తక్కువ. మూసేద్దామన్న మాట మిషను పెద్దల్లో మళ్లీ మళ్లీ వచ్చింది. జాన్ క్లఫ్ దొర అనే మిషనరీ 1866లో ఒంగోలులో కాపురం పెట్టినప్పుడు ఆయనకొక పథకం ఉంది. చదువుకున్న పై కులాలవాళ్లని ముందు చేరుకోవాలి, బడి పెట్టాలి, తర్వాత మిగతావాళ్లు. బడి మొదలైంది, బ్రాహ్మణుల పిల్లలూ వచ్చారు. ఇంతలో తాళ్లకొండపాడుకి చెందిన యెర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ విశ్వాసి ద్వారా మాదిగపల్లెల నుంచి మనుషులు రావడం మొదలైంది. వీళ్లని చేర్చుకుంటే మా పిల్లల్ని పంపం అని ఊరి పెద్దలు తేల్చి చెప్పారు. పథకమంతా కూలిపోయే స్థితి. క్లఫ్ ఒక గదిలో బైబిలు తెరిస్తే మొదటి కొరింథీ పత్రిక మొదటి అధ్యాయం వచ్చింది: లోకరీతిని జ్ఞానులు, ఘనులు, గొప్ప వంశంవాళ్లు అనేకులు పిలువబడలేదు, బలహీనుల్ని దేవుడు ఏర్పరచుకున్నాడు అన్న చోటు. పక్క గదిలో ఆయన భార్య కూడా, ఒకరికొకరు తెలియకుండా, అదే చోటు చదువుతోంది. వాళ్లు వచ్చినవాళ్లని చేర్చుకున్నారు, పై కులాల పిల్లలు బడి మానేశారు.

అంత పథకాన్ని వదిలిన మనిషి తర్వాత చేతులు ముడుచుకుని కూర్చున్నాడా? 1876-78 ధాత కరవులో బకింగ్‌హాము కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలీ ఇచ్చాడు. లెక్కలు రాశాడు, గుడిసెలు వేయించాడు, కలరాతో పోరాడాడు. తిండి కోసం మతంలో చేరారన్న మాట రాకూడదని కరవు కాలమంతా బాప్తిస్మాలు ఆపేశాడు. ఆ సంఖ్యలు చూపించుకుంటే అమెరికాలో ఎంత పేరొచ్చేదో! కరవు తీరి సహాయం ఆగిపోయాక కూడా జనం వస్తూనే ఉన్నారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మాలు జరిగాయి. ఆ రోజు గురించి గొప్పగా చెప్పుకోవడం మా వాళ్లకి అలవాటు. నాకు మాత్రం అంతకు ముందు ఆయన ఆగిన ఆ నెలలే ఎక్కువ నేర్పించాయి. పని పూర్తిగా చేశాడు, ఫలితాన్ని తన లెక్కలో వేసుకోవడానికి తొందరపడలేదు.

మీ విషయంలో దీన్ని ఇలా చూడండి. అబ్బాయితో మాట్లాడటం, అతని ఆరోగ్యం, ఉద్యోగం, వంట సంగతులు అడగడం, పుట్టినరోజుకి పచ్చడి పంపడం, మీ విశ్వాసం గురించి అతను అడిగినప్పుడు తడబడకుండా చెప్పడం, ప్రతిరోజూ అతని కోసం ప్రార్థించడం మీ పని. అతను నమ్మడం మీ పని కాదు. ఆరాధన వేళకి ఫోను చేయడం మానేయండి. శనివారం చేయండి, మందిరం ఊసెత్తకుండా మాట్లాడండి. అతను ఎక్కడున్నాడో ఫోనులో చూడటం అతనికి తెలిసే జరుగుతోందో లేదో మీరు రాయలేదు. తెలియకపోతే చెప్పేసి, తీసేయండి. చెల్లెలి కొడుకుని వేగు పని నుంచి విడిపించండి, లేకపోతే ఆ ఇద్దరి మధ్య ఉన్న అన్నదమ్ముల ప్రేమ కూడా పోతుంది.

లూకా 15లోని తండ్రిని చూడండి. ఆస్తి పంచమంటే పంచాడు. దూరదేశానికి దాసుల్ని వెంట పంపలేదు, పందుల దొడ్డి దాకా వెళ్లి లాక్కురాలేదు. అలాగని మర్చిపోనూ లేదు. కొడుకు ఇంకా దూరంగా ఉండగానే చూశాడంటే ఆ దారి మీదే కళ్లు పెట్టుకుని ఉన్నాడనే కదా. మనం ఎవరికి అప్పగిస్తున్నామో ఈ కథ చెప్తుంది. దేవుడికి అప్పగిస్తే ఆయన నా తరఫున వాణ్ని మెడపట్టుకుని తీసుకొస్తాడని చాలామంది తల్లిదండ్రులు లోలోపల అనుకుంటారు. అది పెత్తనాన్ని వదలడం కాదు, ఇంకా బలమైనవాడికి అప్పజెప్పడం. కానీ ఆయన బలవంతపెట్టే తండ్రి కాడు. అలాంటివాడి చేతుల్లో పెట్టడమంటే ఆయన ఓర్పును కూడా మనం ఒప్పుకోవడమే. నాకు తెలిసినంతలో అప్పగింతలో అన్నిటికంటే కష్టమైన భాగం ఇదే.

ఇది చదివే మిగతావాళ్లకి ఒక మాట చెప్పకుండా ఉండలేను. తాగి కొట్టే భర్త ఇంట్లో "దేవుడి చిత్తానికి అప్పగించుకుని ఉండు" అని ఆడపిల్లతో చెప్పేవాళ్లున్నారు. షుగరు మాత్రలు మానేసి విశ్వాసముంచమనేవాళ్లున్నారు. అది అప్పగింత కాదు. ఒకరి ప్రాణం మీద ఇంకొకరు దేవుడి పేరుతో పెత్తనం చేయడం. ఆ ఇంట్లోంచి బయటికి రావాలి, పోలీసుల సాయం తీసుకోవాలి, మాత్రలు వేసుకోవాలి. పౌలుని చంపడానికి దమస్కు ద్వారాల దగ్గర కాపు కాస్తే శిష్యులు అతణ్ని గంపలో పెట్టి గోడ మీద నుంచి దించారు, అతను దిగి వెళ్లిపోయాడు.

మోనిక చివరి రోజులు చెప్పి మీ మొక్కుబడి సంగతికి వస్తాను. 387లోనే, కొడుకు బాప్తిస్మం అయ్యాక, ఇద్దరూ ఆఫ్రికా తిరిగి వెళ్దామని ఓస్టియా రేవులో ఓడ కోసం ఆగారు. అక్కడే ఆమెకి జ్వరమొచ్చింది. ఆమె తగాస్తేలో భర్త పక్కనే సమాధి ఏర్పాటు చేసుకుని ఉంది. ఎన్నో ఏళ్లుగా అదే ఆమె కోరిక, అందరికీ చెప్పుకునేది. జ్వరంలో ఉండగా, పరాయి దేశంలో కాకుండా సొంత ఊళ్లో పోతే బాగుండునని ఇంకో కొడుకు అంటే, ఆమె అతనికేసి మందలింపుగా చూసి, ఈ శరీరాన్ని ఎక్కడైనా పెట్టండి, దాని గురించి బెంగపడకండి, ప్రభువు బల్ల దగ్గర నన్ను తలుచుకోండి చాలు అంది. కొడుకు ప్రయాణాన్ని, పెళ్లిని, తన సమాధిని కూడా ముందే సర్దిపెట్టుకున్న మనిషి ఆమె. ఆ చేతులు విప్పుకోవడానికి జీవితమంతా పట్టింది. తొమ్మిదో రోజున కన్నుమూసింది. కాబట్టి మీకు ఆ అప్పగింత ఇంకా రాలేదని కంగారుపడకండి.

మొక్కుబడి. అన్నం ముట్టనని మొక్కుకున్నారు, మీకు షుగరు, బీపీ ఉన్నాయని కూడా రాశారు. మొక్కుకున్నది తప్పితే దేవుడు అబ్బాయి మీద తీర్చుకుంటాడేమోనని భయం. ప్రసంగి గ్రంథం మొక్కుబడి ఆలస్యం చేయవద్దంటుంది, నిజమే. కానీ లేవీయకాండము 27లో, మొక్కుకున్న మనిషికి బదులు వెల చెల్లించే ఏర్పాటుంది. ఆ వెల కూడా ఇచ్చుకోలేని బీదవాడికి తగ్గించే ఏర్పాటు కూడా అక్కడే ఉంది. తల్లి శరీరం పాడైతే గాని కొడుకుని కనికరించని దేవుడు బైబిల్లో లేడు. పైగా ఆ మొక్కుబడి సంగతి అబ్బాయికి తెలుసన్నారు. అంటే అది దేవుడి ముందున్న కానుకగా మిగల్లేదు, కొడుకు మెడ మీద బరువైంది. నీవల్లే నేను తినడం లేదు అన్నట్టు ఉంటుంది అతనికి. ఆ బరువు కింద వంగి మందిరానికి వచ్చినా అది మీరు ఇన్నాళ్లూ అడిగినది కాదు.

మీ పాస్టరుగారి దగ్గరికి, లేదా నమ్మకమైన సంఘపెద్ద దగ్గరికి వెళ్లి ఈ మొక్కుబడి సంగతి విప్పి చెప్పండి. ఆత్రంలో అన్న మాట అని ప్రభువు దగ్గర ఒప్పుకుని వాళ్లతో కలిసి ప్రార్థించండి. దాని బదులు ఏదైనా ఇవ్వాలనిపిస్తే, చదువు కోసం దూరం నుంచి వచ్చి మీ ఊరి హాస్టల్లో ఉంటున్న ఒక కుర్రాడికి నెలకొకసారి భోజనం పెట్టండి. శుక్రవారం ఉపవాసం డాక్టరుని అడక్కుండా చేయకండి. ఈ పూట వేడిగా అన్నం వండుకుని తినండి, మాత్ర వేసుకోండి. శనివారం అబ్బాయికి ఫోను చేసినప్పుడు, అమ్మ అన్నం తింటోంది, నీ మీద ఏ షరతూ లేదు అని చెప్పండి. అతను ఏమంటాడో నాకు రాయాలనిపిస్తే రాయండి. మీ ఇద్దరి కోసం ప్రార్థిస్తుంటాను.